కైట్‌సర్ఫింగ్‌కి జీపీఎస్ వాచీ పెట్టుకుంటున్నారా?

విజయవాడ నుంచి రామేశ్వరం దాకా వెళ్లి కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై దూసుకుపోయే ఆట) నేర్చుకునేవాళ్లు, ఒడ్డుకు చేరగానే వాచీలో స్టార్ట్ నొక్కేయకండి. బెజవాడలో ఆపేసిన జీపీఎస్ అంత దూరంలో మళ్లీ ఆన్ చేస్తే ఉపగ్రహాలను పట్టుకోవడానికి టైం తీసుకుంటుంది. ముందు ఫోన్‌తో సింక్ చేయండి. సిగ్నల్ దొరికాక కూడా ఒకట్రెండు నిమిషాలు ఆగి నీళ్లలోకి దిగండి.

రికార్డింగ్ ప్రతి సెకనుకీ జరిగేలా పెట్టండి. బ్యాటరీ తొందరగా దిగుతుంది, దిగనివ్వండి. స్మార్ట్ రికార్డింగ్‌లో (వాచీ తనకు అవసరమనిపించినప్పుడే నమోదు చేసే పద్ధతి) మలుపులు సరిగ్గా పడవు, దూరం తగ్గిపోతుంది. టచ్ స్క్రీన్ లాక్ చేయడం మర్చిపోవద్దు.

అసలు తంటా గరిష్ఠ వేగంతోనే. కింద పడి చెయ్యి మునిగితే సిగ్నల్ పోతుంది. పైకి తేలగానే వాచీ ఒక్క గెంతు గెంతి, మీరు 90 కిలోమీటర్ల స్పీడుతో వెళ్లారంటుంది! ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టి మురిసిపోకండి. 10 సెకన్ల సగటు చూసుకోండి, అది చాలావరకు నమ్మొచ్చు. వేగాన్ని నాట్స్‌లో (సముద్రంలో వేగం కొలిచే ప్రమాణం) చూపిస్తే 1.852తో గుణించండి, గంటకు కిలోమీటర్లు వస్తాయి.

బయల్దేరే ముందు వాచీని పరీక్షించాలంటే ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. 1.2 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా చూపించాలి.