ఇది నా తోపు కాదనుకుని సేద్యం చేయడం ఎలా

పోయిన క్రిస్మస్‌కు మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు. వాళ్ల నాన్న పోయాక తిరుపతి వైపు పాకాల దగ్గర మూడెకరాలు వాడి చేతికొచ్చాయి. రెండెకరాల్లో తోతాపురి మామిడి తోపు, ఎకరంలో చెనిక్కాయల (వేరుశనగ) చేను. "అత్తా, అమ్మడానికి మనసు రావడంలేదు, చేయడం చూస్తే చేతకాదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు" అన్నాడు. మా ఆయన పోయాక ఇరవై రెండేళ్లుగా మా భూమిని నేనే చూసుకుంటున్నాను. వాడికి రెండు రోజులు గెనిమల (పొలం గట్ల) మీద తిరుగుతూ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అమ్మానాన్నల భూమి చేతికొచ్చి ఏం చేయాలో తెలియక కూర్చున్నవాళ్లు మన క్రైస్తవ సంఘాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు.

మొదటి పని పలుగు పట్టడం కాదు, నోటుపుస్తకం పట్టుకోవడం. పట్టాదారు పాసుపుస్తకంలో మీ పేరు ఉంటుంది. ఇరవైనాలుగో కీర్తన మాత్రం భూమియు దాని సంపూర్ణతయు యెహోవావే అంటుంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావాలంటే మీరు గృహనిర్వాహకుడు అవ్వాలి. అంటే వేరేవాళ్ల ఆస్తి చూసుకుంటూ లెక్క చెప్పాల్సినవాడు. అందుకే లెక్క రాయాలి. భూమంతా ఒకసారి మెల్లగా నడిచి, మీరు చేయకుండానే అక్కడ ఉన్నవాటిని రాసుకోండి. ఎన్ని మామిడి చెట్లు, గట్టున కానుగలు ఎన్ని, చింతచెట్టు ఉందా, వాన నీళ్లు ఏ మూల నుంచి వచ్చి ఏ మూల పోతున్నాయి, పాత ఊటబావి పూడిపోయిందా, పుట్టలు ఎక్కడున్నాయి, ఏ చెట్టు మీద గూళ్లున్నాయి. మా వాడు మొదట నవ్వాడు. రెండో పూట వచ్చేసరికి మూడు పేజీలు నింపాడు. "ఇవన్నీ నాన్న పెట్టినవి కాదు కదత్తా" అన్నాడు. కానుగలైతే వాళ్ల తాత కూడా పెట్టలేదు.

ఆదికాండము రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో పెట్టింది రెండు పనులకు: దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి. సేద్యం మనకు తెలుసు. కాయడం అనగానే మనకు కాపలా గుడిసె, టార్చిలైటు, కుక్క గుర్తొస్తాయి. నేను ఈ మాట మీద చాలా రోజులు ఆలోచించాను. ఏదెనులో కాయలు దొంగిలించే పక్క ఊరివాళ్లు లేరు. మరి ఎవరి నుంచి కాయమన్నాడు? ఆ తర్వాతి అధ్యాయం చదివితే, వద్దన్న పండు మీదికి చేయి చాపింది తోటలో ఉన్న మనుషులే. అప్పటి నుంచి నా భూమిని ముందు నా చేతి నుంచి కాయాలని నేర్చుకున్నాను. కింద చెప్పేవన్నీ ఆ కాపలా పనులే.

అన్నిటికన్నా ముందు నీళ్లు. మా ఆయన ఉన్నప్పుడు మూడు బోర్లు వేశాం. మూడోది తొమ్మిది వందల అడుగులు దిగినా దుమ్మే వచ్చింది. నగలు కుదవపెట్టిన డబ్బు ఒక్క రాత్రిలో ఆ గొట్టంలోకి పోయింది. అప్పటికి మా చేలో ఒక్క కందకం కూడా లేదు. పైనుంచి దేవుడు ఇస్తున్నదాన్ని వంకలోకి వదిలేసి, కింద లేనిదాని కోసం తవ్వించాం. ఈ లెక్క మీరూ వేసుకోండి: ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు నలభై వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది మీ ఇంటి ముందు ఆగినట్టు. ఒక్కొక్కటి డబ్బిచ్చి తెప్పించుకున్నవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

మే నెలలోనే, తొలకరికి ముందు, చెట్ల వరసల మధ్య వాలుకు అడ్డంగా కందకాలు తీయించండి. రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు చాలు. తీసిన మట్టి పల్లం వైపు కట్టగా వేయాలి, మిట్ట వైపు వేస్తే వానకు మళ్లీ అందులోకే జారుతుంది. కందకాన్ని ఒకే పొడవుగా లాగకుండా మధ్యమధ్య తెంపు ఇవ్వండి. ఒకచోట గండి పడినా అన్ని నీళ్లూ ఒకేసారి పోవు. చెట్టు మొదట్లో పాదులు చేసి రాలిన ఆకుతో కప్పండి. ఆ ఆకును మాత్రం తగలబెట్టవద్దు. మన వైపు ఎండాకాలం సాయంత్రాలు తోపుల్లో పొగ లేస్తుంటే నాకు గుండె పిండినట్టు అవుతుంది. ఏడాదంతా చెట్టు కట్టి ఇచ్చిన ఎరువు అది.

2021 నవంబరులో కురిసిన వానలు మీకు గుర్తుంటాయి. తిరుపతి వైపు రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడి, కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వారం మా కందకాలు రెండుచోట్ల తెగాయి, మిగతావి నిలిచాయి. మరుసటి వేసవి మా ఊటబావిలో చేంతాడు మునుపటి కన్నా రెండు బారలు తక్కువ పట్టింది.

ఇక ఉన్న బోరు సంగతి. కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపాలని ఎవరికీ తోచదు. నిర్గమకాండములో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు, ఆశపడి దాచినవాళ్లకు పురుగు పట్టింది. నేను నోటుపుస్తకంలో మోటారు వేసిన గంట, ఆపిన గంట రాస్తాను. చెట్టు మొదట్లో వేలు పెడితే తడి తగిలిన రోజు మోటారు వేయను.

కొత్త మామిడి అంట్లు నాటే ఉద్దేశం ఉంటే లేవీయకాండము పందొమ్మిదో అధ్యాయం చదివి నాటండి. చెట్టు నాటిన మొదటి మూడేళ్లు కాయలు తినకూడదు, నాలుగో ఏటివి దేవునికి ప్రతిష్ఠితం, అయిదో ఏడు మీరు తినండి అని ఉంటుంది. ఉద్యాన శాఖవాళ్లు కూడా అంటు మామిడికి మొదటి మూడు నాలుగేళ్లు పూత తుంచేయమనే చెబుతారు, కాపు మీద పడే బలం కొమ్మ మీదికి పోవాలి కదా. ఆ లేత పూత తుంచడం కష్టంగానే ఉంటుంది. రెండో ఏడే పిందె చూసి మురిసిపోయి వదిలేసిన చెట్లు నా తోపులో నాలుగున్నాయి, పక్కవాటిలో సగం కూడా పెరగలేదు.

చెనిక్కాయల చేనుకు విశ్రాంతి కావాలి. ఏడో ఏడు భూమిని విడిచిపెట్టమన్నది లేఖనంలోని మాట. మొత్తం ఎకరం ఒకేసారి వదలడం చిన్న రైతుకు కుదరకపోవచ్చు. చేనును నాలుగు ముక్కలుగా అనుకుని ఏటా ఒక ముక్కలో జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూతకొచ్చే సమయానికి, అంటే దాదాపు నలభై అయిదు రోజులకు, ఎరువుగా మట్టిలో కలిసేలా దున్నేయండి. ఇది అచ్చంగా లేఖనంలో ఉన్న పద్ధతి కాదని నాకు తెలుసు. కానీ ఏమీ చేయకపోవడం కన్నా ఇది మేలు, మట్టి ముట్టుకుంటే తేడా తెలుస్తుంది. తక్కిన ముక్కల్లో కంది, అలసంద సాళ్లు మానవద్దు. మన పెద్దవాళ్లు చెనిక్కాయ ఒక్కటే ఎప్పుడూ వేయలేదు.

ఇప్పుడు పరిగె, అంటే కోత అయ్యాక చేలో మిగిలినవి లేనివాళ్లు ఏరుకోవడం. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే. కాయ పీకించిన మర్నాడు పెద్ద వయసు ఆమె ఒకామె గోనెసంచి, చిన్న గునపం తీసుకుని చేలోకి వచ్చింది. మట్టిలో మిగిలిన కాయలు తవ్వుకుంటోంది. ఆ ఏడు దిగుబడి తక్కువ, నాకు కోపం వచ్చింది. వెళ్లిపొమ్మన్నాను. "మిగిలినవే కదమ్మా" అని సంచి దులిపి, ఏరినవి కూడా అక్కడే పోసి వెళ్లింది. ఆ ఆదివారం గుడిలో వాక్యం రూతు గ్రంథం రెండో అధ్యాయం. పరిగె ఏరుకోవడానికి వచ్చిన రూతు కోసం, చేను యజమాని బోయజు తన పనివాళ్లకు పనల్లోంచి కొంచెం కావాలనే లాగి వదలమని చెప్పిన చోటు. నేను తల ఎత్తలేకపోయాను. సాయంత్రం ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను.

పరిగె విడవడం అంటే ఇలా చేయండి. విత్తే రోజే, దిగుబడి, ధర ఏమీ తెలియక ముందే, చేను అంచున నాలుగు సాళ్లు విడిచిపెట్టినట్టు పుస్తకంలో రాయండి. ధర తెలిశాక ఎవరి చేయీ వదలదు. పీకిన తర్వాత రెండు రోజులు గొర్రెల మందను చేలోకి రానీయకండి, ముందు మనుషులు ఏరుకోవాలి. ఫలానా రోజు పీకిస్తున్నాం అని ముందే ఊళ్లో చెప్పండి. అడగడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ అవసరంలో ఉంటారు. వచ్చినవాళ్ల ఫోటోలు తీయకండి.

తోపులో దోటికి అందని చిటారు కొమ్మ కాయల కోసం కుర్రాళ్లను ఎక్కించవద్దు. ఆదికాండము మొదటి అధ్యాయం ఇరవైతొమ్మిదో వచనంలో మనకు ఆహారం ఇచ్చాడు, ముప్పయ్యో వచనంలో పక్షులకు, జంతువులకు ఇచ్చాడు. చిలకలూ ఉడతలూ మన దగ్గర అడుక్కోవడంలేదు, వాటి వాటా మనకన్నా వెనక ఒక్క వచనమే. అయితే కింద రాలి కుళ్లుతున్న కాయలను పరిగె అని వదిలేయకండి. వాటిలో పండుఈగ పురుగులు పెరిగి మట్టిలోకి దిగి, తర్వాతి కాయల మీదికి వస్తాయి. రెండు మూడు రోజులకోసారి ఏరి లోతుగా పూడ్చండి.

ధర పడిపోయిన ఏడు వీటన్నిటినీ మర్చిపోవాలనిపిస్తుంది. 2025లో తోతాపురికి అలాగే అయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి, రోడ్డు పక్కన కాయ పారబోసినవాళ్లున్నారు. నా చివరి ట్రాక్టరు కూడా వెనక్కి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అయిదు వేల మందికి పెట్టాక కూడా యేసు ప్రభువు, ఏమీ నష్టపడకుండా ముక్కలు పోగుచేయమన్నాడు కదా అని తెల్లారి లేచాను. గట్టికాయ ఏరి ముక్కలు కోసి ఉప్పు పట్టించి ఒరుగులు ఎండబెట్టాం. కొంచెం పశువులకు వేశాం, ఎక్కువ వేస్తే కడుపు ఉబ్బుతుంది. మిగిలింది గుంతలో ఒక వరస కాయ, ఒక వరస పేడ, ఒక వరస ఎండుటాకుగా వేసి మట్టి కప్పాం. డబ్బు నష్టం నష్టమే, అప్పు ఇంకా తీరుతోంది. కానీ ఆ గుంత ఎరువు ఈసారి చెనిక్కాయకు వేశాను.

గుడిలో కోత పండుగకు ప్రథమ ఫలం తీసుకెళ్లేటప్పుడు మచ్చలేని కాయ ఏరి పెట్టండి, అమ్మకానికి పోగా మిగిలింది కాదు. ఆరాధన తర్వాత కానుకగా వచ్చినవాటి వేలంలో మీ గుమ్మడికాయ మీరే పాడుకోకుండా పక్కవాళ్లది పాడుకోండి. ఆ రోజు సాయంత్రం నోటుపుస్తకం తెరిచి, మొదటి పేజీలో రాసుకున్న చెట్లు, గూళ్లు, బావి నీళ్లు ఇప్పుడెలా ఉన్నాయో మళ్లీ నడిచి చూసి, పక్కనే తేదీ వేసి రాయండి. మా వాడి పుస్తకంలో కానుగల దగ్గర "పదకొండు" అని ఉంది. ఈ జూన్‌లో వాడు పన్నెండోది నాటాడు.