ఎమ్యులేటర్ పాఠాలు 4: ర్యామ్ జోలికి వెళ్ళకముందే చూసుకోవాల్సినవి

ఈసారి ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీదే ఆండ్రాయిడ్ ఫోన్‌ని నడిపే ప్రోగ్రామ్) కెమెరా, జీపీఎస్ సెట్టింగులు చెబుదామనుకున్నాను, కుదరలేదు. పోయిన పాఠం చదివి ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోలో వర్చువల్ డివైస్ (ఉత్తుత్తి ఫోన్) తయారుచేసుకున్న చాలామందికి ప్లే బటన్ నొక్కగానే ఎమ్యులేటర్ ప్రాసెస్ టెర్మినేట్ అయిందని మెసేజ్ వచ్చింది. దానికి అందరూ చేసిన వైద్యం ఒకటే: ర్యామ్ పెంచడం. ఎనిమిది జీబీల ల్యాప్‌టాప్‌లో ఆరు జీబీలు ఎమ్యులేటర్‌కే రాసిచ్చేస్తే విండోస్‌కి, స్టూడియోకి, యాప్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్‌కి ఏం మిగులుతుంది? స్టూడియోలోని డివైస్ మేనేజర్‌లో ఆ డివైస్ ఎడిట్‌లోకి వెళ్ళి ర్యామ్‌ని 2048 ఎంబీకి దించేయండి. జబ్బు అక్కడ లేదు.

పోయినసారి "వర్చువలైజేషన్ ఆన్ చేసుకోండి" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే వసతి అది. ఆ ఒక్క ముక్క చాలలేదు, తప్పు నాదే. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. గ్రాఫ్ కింద వర్చువలైజేషన్ పక్కన ఎనేబుల్డ్ అని ఉండాలి. డిసేబుల్డ్ అని ఉంటే బయాస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్ళాల్సిందే: ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ లేదా వర్చువలైజేషన్ టెక్నాలజీ అన్న పేరుతో, ఏఎమ్‌డీ అయితే ఎస్‌వీఎమ్ మోడ్ అన్న పేరుతో ఉంటుంది. అది ఆన్ చేశాక విండోస్ ఫీచర్స్‌లో విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్‌కి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. వర్చువల్ యంత్రాల్ని నడిపే విండోస్ భాగమే హైపర్‌వైజర్. సీ డ్రైవ్ నిండిపోయినా ఇదే టెర్మినేట్ మెసేజ్ వస్తుంది, అదీ ఓసారి చూసుకోండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. పాత వీడియోలు చూసి ఇంకా హ్యాక్స్‌ఎమ్ (ఎమ్యులేటర్‌ని వేగంగా నడపడానికి ఇంటెల్ ఇచ్చిన పాత డ్రైవర్) ఎక్కిస్తున్నారు. దాని పని ఇంటెల్ 2023 జనవరిలోనే ఆపేసింది. ఎక్కించడంతో ఆగితే ఫరవాలేదు. హ్యాక్స్‌ఎమ్‌కి, విండోస్ సొంత హైపర్‌వైజర్ అయిన హైపర్-వీకి పడదు కాబట్టి ఆ వీడియోలోనే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్ (విండోస్ బూట్ సెట్టింగులు మార్చే కమాండ్) రాసి హైపర్‌వైజర్ లాంచ్ టైప్‌ని ఆఫ్ చేయమంటారు. ఆ ఒక్క లైనుతో మొత్తం విండోస్‌కే హైపర్‌వైజర్ ఆగిపోతుంది. మా తమ్ముడు అలాగే చేశాడు. వారం తర్వాత డబ్ల్యూఎస్‌ఎల్ 2లో (విండోస్ లోపల లినక్స్ నడిపేది) ఉబుంటు తెరుచుకోవడం లేదని, ప్రోగ్రామ్‌లని కంటెయినర్లలో నడిపే డాకర్ లేవడం లేదని ఫోన్. వాటికీ ఎమ్యులేటర్‌కీ సంబంధం ఉందని వాడికి తట్టనే లేదు, రెండుసార్లు డాకర్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఆఫ్ అన్న చోట ఆటో అని రాయించి రీస్టార్ట్ చేయించాను, అన్నీ లేచాయి. ఇప్పటి ఎమ్యులేటర్ విండోస్ హైపర్‌వైజర్ మీద నడుస్తుంది, దేన్నీ ఆపక్కర్లేదు. మీరూ ఆ లైను కొట్టి ఉంటే ముందు దాన్ని వెనక్కి తిప్పండి, హ్యాక్స్‌ఎమ్ తీసేయండి, ఆ తర్వాతే మిగతావి.

అంతా సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి, ఎస్‌డీకే (స్టూడియోతో వచ్చే ఆండ్రాయిడ్ టూల్స్) ఫోల్డర్ లోపలి ఎమ్యులేటర్ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఎమ్యులేటర్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, హైఫన్ యాక్సెల్ హైఫన్ చెక్ అని కలిపి కొట్టండి (emulator -accel-check). ఇన్‌స్టాల్డ్ అండ్ యూజబుల్ అని వస్తే చాలు. లినక్స్ వాళ్ళు తమ యూజర్‌ని కేవీఎమ్ (లినక్స్ సొంత హైపర్‌వైజర్) గ్రూపులో చేర్చుకోవాలి. మ్యాక్ వాళ్ళకి ఈ గొడవేమీ లేదు.

ఇమేజ్ (వర్చువల్ డివైస్‌లో ఎక్కే ఆండ్రాయిడ్ కాపీ) ప్రాసెసర్‌ని బట్టి ఎంచుకోవాలి: ఇంటెల్, ఏఎమ్‌డీలకి ఎక్స్86_64, ఎమ్ సిరీస్ మ్యాక్‌లకి ఆర్మ్64. ప్లే స్టోర్ ఉన్న ఇమేజ్‌లో ఏడీబీ రూట్ (కంప్యూటర్ నుంచి డివైస్ మీద పూర్తి అధికారం తీసుకోవడం) కుదరదు, అందుకే నేనెప్పుడూ గూగుల్ ఏపీఐస్ ఇమేజే తీసుకుంటాను.

అభ్యాసం: ఒకే ఇమేజ్‌తో మూడు డివైస్‌లు చేయండి, 1536, 2048, 4096 ఎంబీలతో. ఒక్కొక్కదాన్ని మూడుసార్లు కోల్డ్ బూట్ చేసి (సేవ్ చేసిన స్థితి నుంచి కాకుండా మొదటి నుంచి లేపి) హోమ్ స్క్రీన్ వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కాగితం మీద రాయండి. తర్వాత క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిచి, స్టూడియోలో బిల్డ్ నడుస్తుండగా మళ్ళీ అదంతా చేయండి. మొత్తం పద్దెనిమిది అంకెలు. వచ్చే పాఠానికి ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి, ఎమ్యులేటర్‌కి ఎన్ని ప్రాసెసర్ కోర్‌లు ఇవ్వాలో దాన్ని చూసే తేలుస్తాం.