జిప్సీ ముందు చక్రాలు ఎందుకు లాగలేదంటే

లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగిన పాత జిప్సీ కొన్నాను. 1298 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూశా, పొగ లేదు. అక్కడికే మురిసిపోయా.

తొలి వానకే వికారాబాద్ దగ్గర బురదలో దిగబడింది. ముందు చక్రాల హబ్‌లు (లాక్ చేస్తే చక్రాన్ని యాక్సిల్‌కి కలిపేవి) రెండూ లాక్‌లో పెట్టి ఫోర్ వీల్ లీవర్ వేసినా వెనక చక్రాలే తిరిగాయి. ట్రాక్టర్ పిలిస్తే 800 వదిలాయి.

ఇంటికొచ్చాక ముందు భాగం జాకీ మీద లేపి చక్రాలు చేత్తో తిప్పా. ఎడమవైపు చక్రం తిరిగినా యాక్సిల్ కదల్లేదు, అంటే ఆ హబ్ లాక్ పడలేదు. ఒక్కవైపు లాక్ పడకపోయినా రెండో చక్రానికీ బలం అందదు మరి! హబ్ విప్పితే లోపల గ్రీజు పాత బెల్లంలా గట్టిపడింది. కిరోసిన్‌లో నానబెట్టి, టూత్‌బ్రష్‌తో తోమి, కొత్త గ్రీజు పల్చగా రాశా. దట్టిస్తే మళ్లీ అతుక్కుంటుంది. ఇప్పుడు తిప్పితే లాక్ టక్‌మని పడుతోంది.