తుపాను రాకముందే తీరంలోని స్టేషన్‌ని ఒకసారి చూసి రండి

మన తీరానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. ఒడ్డున నిలబెట్టిన ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ మిగతా ఏడాదంతా ఎంత బాగా పనిచేసినా, గాలి లేచిన రాత్రి మూగబోతే విశాఖలోని తుపాను హెచ్చరిక కేంద్రం వాళ్ల చేతిలో ఆ చోటి గాలి, పీడనం అంకెలు ఉండవు. అందుకే సెప్టెంబర్‌లోనే ఒక పూర్తి రోజు దీనికి కేటాయించండి.

డేటా ఆగగానే ట్రాన్స్‌మిటర్ పోయిందని టెన్షన్ పడతాం. నేను చూసినంతలో ముందు పోయేది కరెంటు, ఆ తర్వాత కనెక్టర్లు. వెళ్లగానే లాగర్‌కి, అంటే సెన్సర్ల రీడింగులు దాచే పెట్టెకి, ల్యాప్‌టాప్ తగిలించి చూడండి. రీడింగులు నమోదవుతుంటే సెన్సర్ల జోలికి పోకండి, తప్పు పంపే దారిలో ఉంది. ఆ డేటా కాపీ చేసుకున్నాకే వైర్లు ముట్టుకోండి.

ఎండలో బ్యాటరీ 13 వోల్టులకు పైన చూపిస్తే నమ్మకండి, అది ఛార్జింగ్ వోల్టేజి. సోలార్ ప్యానెల్ వైరు తీసి, కాసేపాగి కొలవండి. 12.6 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టే. అయినా ట్రాన్స్‌మిటర్ పంపే ఆ కొద్ది సెకన్లు మీటరు మీదే కన్నుంచండి. పాతబడిన బ్యాటరీ అప్పుడు 11 కిందికి జారి, మళ్లీ పైకొచ్చేస్తుంది. తుపాను మబ్బులో ఎండ లేని రోజుల్ని అది తట్టుకోలేదు, మార్చేయండి. ప్యానెల్ మీది పక్షి రెట్టలు కూడా తుడవండి.

అసలు శత్రువు ఉప్పుగాలి. ఒకచోట యాంటెన్నా కేబుల్ చివర నల్లటేపు నిగనిగలాడుతోంది. విప్పితే లోపల పిన్ను చుట్టూ పచ్చటి పొడి, గోటితో గీస్తే రాలుతోంది. కేబుల్ లోపలి అల్లిక తీగ జానెడు దూరం నల్లబడిపోయింది. ఇలాంటప్పుడు కనెక్టర్ తుడిస్తే చాలదు. రాగి మెరిసే దాకా కేబుల్ కోసి, కొత్త కనెక్టర్ వేయాలి. పైన సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. పెట్టెలోకి వెళ్లే ముందు కేబుల్‌కి కిందికి ఒక వంపు ఇస్తే నీళ్లు అక్కడే కారిపోతాయి. యాంటెన్నా విప్పి ఉండగా ట్రాన్స్‌మిటర్ మాత్రం ఆన్ చేయకండి, కాలిపోతుంది.

స్టేషన్ సందేశాన్ని అందుకునే ఇన్సాట్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఆకాశంలో ఉంటాయి కాబట్టి మన యాంటెన్నా దక్షిణం వైపు ఆకాశంలోకి చూడాలి. సరిగ్గా బిగించాక బోల్టు మీదుగా పెయింటుతో ఒక గీత గీయండి. గాలికి కదిలితే గీత తప్పినట్టు తెలిసిపోతుంది.

లాగర్ గడియారం సాధారణంగా యూటీసీలో, అంటే మన టైముకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. దానిలో 03:00 అంటే మనకు ఉదయం 8:30. ఇది మర్చిపోయి గడియారాన్ని మన టైముకి తిప్పేస్తే, స్టేషన్ తన వంతు కాని సమయంలో పంపుతుంది. అన్నీ బాగున్నా సందేశం చేరదు.

మొబైల్ సిమ్ ద్వారా డేటా పంపే స్టేషన్లకు రీఛార్జ్ గడువు డిసెంబర్ దాటేలా చూసుకోండి. కానీ సిమ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు మొబైల్ నెట్‌వర్క్ కూడా కుప్పకూలింది.

హెచ్చరిక వచ్చాక మాత్రం, డేటా ఆగినా సరే, ఎవరూ స్టేషన్ దగ్గరికి వెళ్లకండి, మాస్ట్ (సెన్సర్లు బిగించిన స్తంభం) ఎక్కకండి. పెట్టెలోకి నీళ్లు పోకపోతే లాగర్‌లో రీడింగులు అలాగే ఉంటాయి. గాలి తగ్గాక తెచ్చుకుందాం.