‘ఆన్’ అంటే ఒక్క ‘మీద’ కాదు

ఇంగ్లీషు మాట ఆన్‌ (on)ను ‘మీద’ అని బట్టీ పడితే చిక్కొస్తుంది. చూడాల్సింది తాకుతోందా లేదా అని. గోడకు క్యాలెండర్, సీలింగ్‌కు బల్లి, వేలికి ఉంగరం: మనం ‘కు’ అనే ఈ చోట్లన్నిటా ఇంగ్లీషులో ఆన్ వస్తుంది. తలమీద తిరిగే ఫ్యాన్‌కు మాత్రం పనికిరాదు, తగిలితే ఇంకేమన్నా ఉందా! అక్కడ అబవ్.

కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. దీన్ని ‘కర్నూల్ ఈజ్ ఆన్ ద తుంగభద్ర’ అంటారు. ఊరు నీళ్లమీద తేలుతోందని కాదు, నదిని ఆనుకుని ఉందని. 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న అనంతపురానికీ అంతే.

ఎక్కువమంది పొరబడేది బండ్ల దగ్గరే. లేచి నడవగలిగే బస్సు, రైలుకు ఆన్. వంగి దూరే కారు, ఆటోకు ఇన్. ‘ఆన్ ది ఆటో’ అన్నారంటే టాపెక్కి కూర్చున్నట్టే.