పిల్లవాడు అన్నం ముట్టడం లేదా? ముందు పాలు కొలవండి

"ఏమీ తినడు టీచరమ్మా." ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీలో ఈ మాట వింటున్నాను. అన్నం మెత్తగా మెదపడం, కారం తగ్గించడం, తినేటప్పుడు ఫోన్ తీసేయడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. బరువు తూచారా అని అడిగితే మాత్రం పదిమందిలో ఎనిమిదిమంది లేదంటారు. ముందు తూచి, అంగన్‌వాడీ ఎదుగుదల కార్డు మీద చుక్క పెట్టించుకుని, ఆ తర్వాత ఇది చదవండి.

మొన్నటిదాకా గిన్నెడు తినేవాడు, ఇప్పుడు నాలుగు ముద్దలకే లేచిపోతున్నాడు

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతాడు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. కార్డు మీద గీత పైకి పోతూ, బిడ్డ హుషారుగా ఆడుతుంటే ఆ నాలుగు ముద్దలు చాలు. దయచేసి నోట్లో కుక్కకండి. పళ్లెం చూడగానే మొహం తిప్పుకునే పిల్లల్ని మళ్లీ దారిలోకి తేవడానికి నెలలు పడుతుంది.

పప్పన్నం తప్ప ఏది పెట్టినా ఉమ్మేస్తాడు

ఏడాది దాటిన ఈ వయసులో మామూలే. పప్పన్నం పక్కనే కొత్త కూర చిటికెడు పెట్టి ఊరుకోండి, తినమని బతిమాలకండి. ఎనిమిది పదిసార్లు కళ్లబడితే చాలామంది వాళ్లంతట వాళ్లే నోట్లో పెట్టుకుంటారు. మూడోసారికే "వీడికి బీరకాయ పడదు" అని తేల్చేయడం వల్లే పని చెడుతోంది.

పొద్దుపోయేదాకా ముద్ద ముట్టడు, ఆకలనీ అనడు

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మా అమ్మాయి కొడుక్కి అప్పుడు ఏడాదిన్నర. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాం, వాము నీళ్లు పట్టాం. చూడవచ్చిన చుట్టాలు "పిల్లాడు రంగు తేలాడు" అని మురిసిపోయారు. గోడ గీరి సున్నం తింటున్నాడని తెలిసిన రోజున గుండె జారింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. ఆ వయసుకు కనీసం 11 ఉండాలి. మేం రంగు తేలాడనుకున్నది రక్తం లేక పాలిపోవడం.

కారణం పాలు. లేవగానే వాళ్లమ్మ ఒక గ్లాసు, స్నానమయ్యాక నాయనమ్మ ఒకటి, మధ్యాహ్నం నిద్రపుచ్చడానికి సీసా, "ఏమీ తినలేదు, పాలన్నా తాగనీ" అని సాయంత్రం నేనొకటి, రాత్రి మళ్లీ సీసా. ఎవరి చేతి మీదుగా చూసినా ఎక్కువ కాదు. కలిపితే లీటరుకు దగ్గర. చిక్కటి గేదె పాలతో ఆ చిన్న పొట్ట నిండిపోతే అన్నానికి చోటేది? పాలలో ఇనుము దాదాపు ఉండదు. పైగా తిన్న కాస్త తిండిలోని ఇనుమునూ ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఇనుము తగ్గితే ఆకలి చస్తుంది, ఆకలి లేదని మళ్లీ పాలే పడతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం, తెలంగాణలో 70 శాతం. పాలొక్కటే కారణం కాదు, కానీ ఇంట్లో మన చేతిలో ఉన్నది ఇదే.

రెండు రోజులు గోడ క్యాలెండరు మీద రాయండి: ఎవరు, ఎప్పుడు, ఎన్ని పాలు పట్టారో. బిస్కెట్లూ రాయండి. రోజుకు అర లీటరు దాటితే దొంగ దొరికినట్టే. రెండు చిన్న గ్లాసులకు, అంటే 400 మిల్లీలీటర్లకు దించండి. అన్నం తిన్నాకే ఇవ్వండి, గ్లాసుతోనే. రాత్రి సీసాలో రోజుకు కొంచెం తగ్గిస్తూ వారం పది రోజుల్లో మాన్పించండి. మూడు నాలుగు రాత్రులు ఏడుస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించకపోతే రెండో రాత్రికే సీసా తిరిగొస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డకు మాన్పించక్కర్లేదు, అన్నం తర్వాత ఇస్తే సరిపోతుంది.

దాంతోపాటు రక్తపరీక్ష చేయించండి. డాక్టరు ఐరన్ సిరప్ రాస్తే ఆయన చెప్పిన మోతాదులోనే, పాలకు దూరంగా వేయండి. మలం నల్లగా వస్తే భయపడి ఆపకండి. మొహంలో కళ వచ్చిందని మధ్యలో మానేయకండి. సిరప్ సీసా పిల్లల చేతికందని చోట పెట్టండి, ఎక్కువ తాగితే ప్రాణం మీదికొస్తుంది. పప్పులో తోటకూర వేసి నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. మాంసం తినే ఇళ్లలో మెత్తగా ఉడికించిన కీమా ఇంకా మేలు. మావాడు పాలు తగ్గించిన ఆరో రోజున తనే పళ్లెం తెచ్చుకున్నాడు.

మిగతావి

పళ్లొచ్చేటప్పుడు తినకపోవడం నాలుగు రోజుల ముచ్చట. నులిపురుగులకు ఏడాది దాటిన పిల్లలకు ఫిబ్రవరిలో, ఆగస్టులో ఆల్బెండజోల్ వేస్తారు, తప్పకుండా వేయించండి. మలబద్ధకం చాలామందిలో పాలు తగ్గగానే దారికొస్తుంది. ప్రతి ముద్దకూ పొలమారుతున్నా, బరువు తగ్గుతున్నా, ఏడాదిన్నర దాటినా మెత్తటి పేస్టు తప్ప మింగలేకపోతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి.