ఏడీహెచ్‌డీ లక్షణాలను గుర్తించడం ఎలా?

చింతపండు తెమ్మని దుకాణానికి పంపితే, దారిలో గోలీలాట చూస్తూ నిలబడి, వచ్చిన పనినే మరచిపోయే పిల్లవాడిని సోమరి అని తిట్టే ముందు, అతని లెక్కల నోటుపుస్తకం ఒకసారి తెరచి చూడండి. సగంలో ఆగిన లెక్కలు, కూడికకు బదులు చేసిన తీసివేతలు పేజీ తరువాత పేజీలో కనిపిస్తే, అది తెలివి లోపం కాదు, ధ్యాస నిలవకపోవడం కావచ్చు. ఇలా ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఎడతెగకుండా ఉండే సమస్యనే ఏడీహెచ్‌డీ అంటారు.

అయితే ఒక్క రోజు చూసి నిర్ణయించకూడదు. 2013లో వెలువడిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే గ్రంథం) ప్రమాణాల ప్రకారం లక్షణాలు కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. కాబట్టి ఉపాధ్యాయుడిని తప్పక అడగండి. మన పాలమూరు పల్లెల్లో అమ్మానాన్నలు వలసపోయాక అవ్వ దగ్గర మిగిలిన బిడ్డ హఠాత్తుగా చదువులో వెనుకబడితే, అది దిగులు కావచ్చు. చూపు, వినికిడి, నిద్ర కూడా పరీక్షించాలి.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గంతులు వేయకుండా, కిటికీలోంచి చూస్తూ మౌనంగా కూర్చునే అమ్మాయిని ఎవరూ గమనించరు.

పెద్దవారిలో పరుగు తగ్గి, లోపలి అలజడి మిగులుతుంది: బోరు మోటారు వేసి మరచిపోవడం, చేతిలో డబ్బున్నా అప్పు వాయిదా గడువు దాటించడం, మాట పూర్తికాకముందే అడ్డుపడటం. ఇవి చిన్ననాటి నుంచీ ఉన్నాయా అని తల్లిని అడిగి తెలుసుకోండి.

నిర్ధారణ మానసిక వైద్యుల పని. తొలి సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.